నూతి నీరు, ఇసుక రేణువు, కిడ్నీ కణం



ఇటీవల ఒక తల్లి ఎదిగిన కొడుకును వెంటబెట్టుకొని మా ఓపీకి వచ్చింది. ఆమె చేతిలో మడతపెట్టిన పేపరు ముక్క ఒకటి ఉన్నది. నానో రేణువులు కిడ్నీలను పాడుచేస్తాయని ఏదో విశ్వవిద్యాలయంలో కనిపెట్టారని అందులో రాసి ఉంది. ఆమె అడిగింది ఇది: "ఏటి బాబూ, మా నూతిలో ఇసకే మమ్మల్ని తినేస్తన్నాదా? నుయ్యి కప్పెట్టీమంటారా?"

బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కాదది. అబ్బాయికి రక్త పరీక్ష, మూత్ర పరీక్ష రాసిచ్చి, నుయ్యి సంగతి తర్వాత మాట్లాడదామని పంపించాము. అదే ప్రశ్న మరి కొందరు కూడా అడుగుతున్నందున ఈ సంచికలోని ఆరోగ్య పాఠం దానికే కేటాయించాము. పాఠం కొంచెం పొడవైనది. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వారిచేత చదివించుకొని వినండి. రసాయన శాస్త్రము, జీవశాస్త్రము వారికి బడిలో ఉన్నవే.

మన జబ్బు గురించి తెలిసినది

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ ఏడు మండలాలను ఉద్దానం కిడ్నీ జబ్బు ప్రాంతంగా లెక్కవేస్తారు. మన మూలపేట సంతబొమ్మాళి మండలంలోనిది కాబట్టి ఆ లెక్కలోకి రాదు. అయినా మా దగ్గరకు వచ్చే రోగులను చూస్తే జబ్బు ఆ గీత దగ్గర ఆగిందని మేము చెప్పలేము. మనవాళ్ళ పెళ్ళి సంబంధాలు, కూలి పనులు, జీడితోటలు అన్నీ గీతకు రెండువైపులా ఉన్నాయి గదా.

ఈ జబ్బును వెలుగులోకి తెచ్చిన వారిలో ముఖ్యులు విశాఖపట్నంలో కిడ్నీ వైద్యులుగా పనిచేసి, తర్వాత ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయిన డాక్టరు టి. రవిరాజుగారు. ఆయన బృందం చేసిన సర్వే 2019లోను, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వారి సర్వే 2020లోను ప్రచురితమయ్యాయి. రెండూ ఊళ్ళకు వెళ్ళి, కనబడిన రోగులను కాక ఊరివాళ్ళనే పరీక్షించి చేసిన సర్వేలు. పెద్దవారిలో సుమారు 18 నుండి 21 శాతం మందికి కిడ్నీ లోపం ఉన్నట్టు అవి చూపాయి. అంటే దాదాపు అయిదుగురిలో ఒకరు. వీరిలో చాలామందికి షుగరు లేదు, చిన్నప్పటి కిడ్నీ జబ్బు లేదు, రాళ్ళు లేవు. అందుకే డాక్టర్లు దీనిని కారణం తెలియని దీర్ఘకాల కిడ్నీ వ్యాధి అంటారు.

శ్రీలంకలో ఉత్తర మధ్య రాష్ట్రపు వరి రైతులలో 1990ల నుండి ఇటువంటి జబ్బే ఉన్నది. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగ్వా దేశాలలో చెరకు నరికే కూలీలలోనూ ఉన్నది. మూడు చోట్లా వేడి ప్రాంతమే, మూడు చోట్లా ఎండలో ఒళ్ళు వంచి పనిచేసే పేదవారే. మన తప్పు తిండి వలననో, మన ఇంటి శాపం వలననో ఇది వచ్చిందని కుమిలిపోయే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి.

నీటిలో ఏమున్నది?

అనుమానం మొదట నీటి మీదికే పోయింది. అది సహజమే. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మన జిల్లాలోను, ప్రకాశం జిల్లాలోను జబ్బు ఉన్న చోట్ల నీటిని పరీక్షించి 2013లో తమ వ్యాసం ప్రచురించారు. వారికి ముందూ తర్వాతా మరెందరో నమూనాలు పట్టుకెళ్ళారు. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, ఫ్లోరైడు, పురుగుమందుల అవశేషాలు, సిలికా, ఇలా ఒక్కొక్కటీ బోనెక్కింది. ఏ ఒక్కటీ ఇంతమంది జబ్బుకు తానే కారణమని రుజువు కాలేదు.

వీటిలో సిలికా పేరు పదే పదే వినబడుతుంది. సిలికా అంటే ఇసుకలో ఉండే పదార్థమే. మన నేలంతా ఇసుక, కింద ఉన్నది తూర్పు కనుమల రాయి. ఇసుకలో ఊరిన నీటిలో సిలికా ఉండడం వింత కాదు. అయితే ఇక్కడ ఒక చిన్న రసాయన పాఠం నేర్చుకుంటేనే ఆ తల్లి ప్రశ్న అర్థమవుతుంది.

మన పక్కనే నౌపడ ఉప్పు మడులు ఉన్నాయి. సముద్రపు నీరు దోసిట్లోకి తీసుకుంటే అందులో ఉప్పు కనబడదు. ఎంత సన్నని గుడ్డలో వడకట్టినా ఉప్పు గుడ్డమీద నిలవదు. ఎందుకంటే అది కరిగిపోయి ఉన్నది. అదే నీరు మడిలో ఎండితే కల్లు ఉప్పు అవుతుంది. అప్పుడు అది గట్టి పలుకు, చేతికి తగులుతుంది, గుడ్డలో నిలుస్తుంది. పదార్థం ఒకటే, రూపాలు రెండు.

సిలికా కూడా అంతే. నూతి నీటిలో ఉన్న సిలికాలో ఎక్కువ భాగం కరిగిన రూపంలో ఉంటుంది. దానిని రసాయన శాస్త్రంలో సిలిసిక్ ఆమ్లం అంటారు. మనం తినే బియ్యంలో, కూరగాయలలో కూడా అది కొంత ఉంటుంది, ఆరోగ్యవంతుని కిడ్నీ దానిని మూత్రంలో బయటికి పంపేస్తుంది. పేపరులో రాసినది ఈ కరిగిన సిలికా గురించి కాదు, రేణువు రూపంలో ఉన్న సిలికా గురించి. ఈ తేడా ఆ వార్తలో లేదు. రాసినవారు కావాలని వదిలేశారని మేము అనము, కాని దాని వలన ఒక తల్లి నుయ్యి పూడ్చేదాకా వచ్చింది.

నానో అంటే ఎంత?

ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం ఒక నానోమీటరు. మనిషి వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. ఆ పరిశోధనలో వాడిన సిలికా రేణువులు 200 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటాయి. అలాంటివి 5,000 వరుసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు అవుతుంది. కంటికి కాదు గదా, మా ల్యాబులోని మైక్రోస్కోపుకు కూడా ఇంచుమించు అందవు.

చిన్నదైతే భయం దేనికి అనవచ్చు. బెల్లం అచ్చును పాలలో వేస్తే నెమ్మదిగా కరుగుతుంది, దంచి వేస్తే వెంటనే కరుగుతుంది. దంచినప్పుడు బెల్లం బరువు పెరగలేదు, పాలకు తగిలే పైభాగం పెరిగింది. ఒక్క మిల్లీమీటరు ఇసుక పలుకు పైభాగం 6 చదరపు మిల్లీమీటర్లు. దానినే 200 నానోమీటర్ల ముక్కలుగా చేస్తే మొత్తం పైభాగం ఇంచుమించు ఒక నోటుపుస్తకం పేజీ అంత అవుతుంది. రసాయన మార్పులన్నీ పైభాగం మీదనే జరుగుతాయి. ఊరికే ఉన్న పదార్థం కూడా నానో రూపంలో చురుకుగా మారడానికి కారణం ఇదే. ఈ చురుకుదనం హాని చేయవచ్చు, మేలు కూడా చేయవచ్చు. మేలు సంగతి తర్వాత చెబుతాము.

కిడ్నీలోని కష్టజీవి

మనకున్న రెండు కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలో నుండి వడకడతాయి. 15 లీటర్ల బిందెతో పన్నెండు బిందెలు. బయటికి వచ్చే మూత్రం లీటరున్నర, రెండు లీటర్లు. మిగతాదంతా ఎక్కడికి పోయింది? తిరిగి రక్తంలోకే. ఆ తోడిపోసే పని చేసేవి సన్నని నాళికల గోడల్లోని కణాలు. ఒక్కొక్క కిడ్నీలో అలాంటి నాళికలు సుమారు పది లక్షలు. వడకట్టిన నీటిలో మూడింట రెండు వంతులు నాళిక మొదటి భాగంలోని కణాలే వెనక్కి తీసుకుంటాయి. నీరు, ఉప్పు, చక్కెర, అన్నీ.

ఇంత తోడడానికి శక్తి కావాలి. అందుకే ఆ కణాలలో మైటోకాండ్రియాలు కిక్కిరిసి ఉంటాయి. వాటిని కణంలోని పొయ్యిలు అనుకోండి. కణంలో చెత్తను అరగదీసే సంచులు కూడా ఉంటాయి, వాటి పేరు లైసోజోములు. వడకట్టిన దానిలో వచ్చే చిన్నచిన్న మాంసకృత్తులను ఈ కణాలు మింగి, ఆ సంచులలో వేసి అరగదీస్తాయి. అంటే మంచీ చెడూ రెండూ మొదట చేరేది వీటి దగ్గరికే. మన ప్రాంతపు జబ్బులో దెబ్బ తగిలేది జల్లెడకు కాదు, ఈ నాళికలకూ వాటి చుట్టూ ఉన్న భాగానికీ. షుగరు రోగికి జల్లెడ చెడి మూత్రంలో మాంసకృత్తు ధారాళంగా పోతుంది. మనవారికి అంతగా పోదు, కాళ్ళ వాపులు కూడా చాలాకాలం రావు. ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి, చివరలో అవసరపడుతుంది.

గాజు పళ్ళెంలో కణాలు

ఇక పేపరులోని పరిశోధన. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారు చెరకు తోటలు తగలబెట్టినప్పుడు మిగిలే బూడిదను తీసుకున్నారు. చెరకు, వరి వంటి గడ్డిజాతి మొక్కలు నేలలోని సిలికాను పీల్చి ఆకుల్లో, ఊకలో దాచుకుంటాయి. కాల్చినప్పుడు అది సన్నని రేణువులై గాలిలోకి లేస్తుంది. ఆ బూడిద నుండి తీసిన నానో సిలికాను వారు మనిషి కిడ్నీ నాళిక కణాల మీద వేసి చూశారు. 2023లో వచ్చిన వారి వ్యాసం ప్రకారం, గంటల వ్యవధిలోనే కణాలలోని శక్తి తయారీలో మార్పులు వచ్చాయి. అంటే పొయ్యిలు సరిగా మండడం లేదు. అంతకుముందు, 2022లో అదే విశ్వవిద్యాలయపు బృందం ఎలుకల ఊపిరితిత్తులలోకి సిలికా నానో రేణువులను కొన్ని వారాల పాటు ఇచ్చి, వాటి కిడ్నీలు దెబ్బతిన్నట్టు చూపింది.

కిడ్నీ కణాలు వారికెక్కడివని ఒక నర్సు మమ్మల్ని అడిగింది. మంచి ప్రశ్న. ఇటువంటి ప్రయోగాలకు ఎక్కువగా వాడేది హెచ్‌కే-2 అనే కణాల వంశం. ఒక ఆరోగ్యవంతమైన కిడ్నీ నుండి తీసిన నాళిక కణాలకు ఒక వైరసు జన్యువులు చేర్చి, చావు లేకుండా పెరిగేటట్టు చేసి, 1994లో దానిని లోకానికి తెలియజేశారు. అప్పటినుండి ప్రపంచమంతటా పరిశోధనశాలలలో అవే కణాలు పెరుగుతున్నాయి. వాటికి రక్త ప్రసరణ లేదు, ఎండ తెలియదు, దాహం తెలియదు, ఇరవై ఏళ్ళు పొలంలో పనిచేసిన అనుభవం లేదు. పళ్ళెంలో పోసిన మందు నేరుగా వాటి మీద పడుతుంది. మన శరీరంలో అలా పడదు. కిడ్నీ జల్లెడ కన్నాలు పది నానోమీటర్ల లోపువి. 200 నానోమీటర్ల రేణువు వాటిలో దూరడం అంటే మన ఇంటి గుమ్మంలో నుండి ఏనుగును తోలడం. మరి రేణువు రక్తం వైపు నుండి వస్తున్నదా, ఊపిరితిత్తుల నుండి వస్తున్నదా, దారిలో కొంత కరిగి చిన్నదై వస్తున్నదా అన్నది పరిశోధకులు తేల్చవలసిన విషయం.

కాబట్టి ఆ వ్యాసం చెప్పేది ఇంతే: ఈ రేణువు ఈ కణం దగ్గరకు చేరితే దానికి హాని చేయగలదు. చేరుతున్నదా, ఎంత చేరుతున్నది, మన ఊళ్ళలో చేరుతున్నదా అనేవి వేరే ప్రశ్నలు. వాటికి పళ్ళెం జవాబు చెప్పదు. మన ప్రాంతంలో చెరకు తోటలు తగలబెట్టే అలవాటు అంతగా లేదు. వరి ఊక బూడిదలో సిలికా చాలా ఉంటుంది గనుక, ఇటుక బట్టీల దగ్గర, మిల్లుల దగ్గర పనిచేసేవారు ముక్కుకు గుడ్డ కట్టుకోమని మేము చెబుతాము. అది ఊపిరితిత్తుల కోసం ఎప్పుడూ చెప్పే మాటే. ఊక బూడిదకు, మన కిడ్నీ జబ్బుకు సంబంధం రుజువు కాలేదు.

అసలు అలాంటప్పుడు ఈ పరిశోధనలు దేనికి అని విసుక్కునేవారున్నారు. మేము విసుక్కోము. హానిచేసే శక్తే లేని పదార్థాల వెంట పడి మన ఏళ్ళు ఎన్ని గడిచిపోయాయో మనకు తెలుసు. ఒక్కొక్క పదార్థాన్ని కణం మీద వేసి చూసి, ఇది కాదు, ఇది కావచ్చు అని ఏరుకుంటూ వస్తేనే తర్వాత ఊళ్ళలో దేనిని వెదకాలో తెలుస్తుంది. నెమ్మదైన పనే, కాని అడ్డదారి లేదు.

బెల్జియం దేశంలోని ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయం వారు మరొక వైపు నుండి వచ్చారు. వారు పళ్ళెంలోని కణాలను కాక, రోగుల కిడ్నీ నుండి సూదితో తీసిన ముక్కలను చూశారు. శ్రీలంక, ఎల్ సాల్వడార్, ఫ్రాన్స్ రోగులవే కాక భారతదేశపు రోగులవి కూడా అందులో ఉన్నాయి. నాళిక కణాలలోని లైసోజోములు, అంటే చెత్త సంచులు, ఉబ్బి, వికారంగా మారి, లోపల గట్టి పలుకులు చేరి ఉన్నట్టు 2020లో రాశారు. ఏదో విషపదార్థం వలన ఇలా జరిగిందని వారి అభిప్రాయం. ఇవి ఇతర కిడ్నీ జబ్బులలో కూడా కనబడతాయి, వీటినే గుర్తుగా పట్టుకోలేమని మరి కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. ఎండదెబ్బ, నీరు తాగకుండా పనిచేయడం అసలు కారణమని నమ్మేవారు ఇంకొక వర్గం. వేడి వలన ఎండిపోయిన కిడ్నీలో ఏ విషమైనా చిక్కబడుతుంది గనుక రెండూ కలిసి పనిచేస్తున్నాయేమో అన్నది మాకు సబబుగా తోచిన మాట. ఉప్పు మడులలో మధ్యాహ్నం పన్నెండింటికి పనిచేసేవారిని చూసినవారికెవరికైనా అలాగే తోస్తుంది.

ముందుగా పట్టుకునే గుర్తు

2017 జూలైలో హార్వర్డ్ వైద్య కళాశాల ఆచార్యులు జోసెఫ్ బొన్వెంత్రే మన ప్రాంతపు జబ్బు గురించి తెలుసుకోవడానికి వచ్చారు. పేపర్లలో అప్పుడు ఫోటోలు వచ్చాయి గాని ఆయన ఏమి కనిపెట్టినవారో ఎవరూ పెద్దగా రాయలేదు. నాళిక కణానికి దెబ్బ తగిలినప్పుడు అది తన ఒంటిమీద ఒక మాంసకృత్తును మొలిపిస్తుంది, దానిలో కొంత తెగి మూత్రంలోకి పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణం మీద అది దాదాపు ఉండదు. దాని పేరు కిమ్-1. 1998లో దానిని బయటపెట్టిన బృందం ఆయనదే. ఆయన పరిశోధనశాల వారే 2015లో మూలకణాల నుండి చిన్న కిడ్నీ వంటి ముద్దలను పళ్ళెంలో పెంచి చూపారు. అందులో నాళికలు, జల్లెడలు చిన్నచిన్నవి ఏర్పడతాయి. హెచ్‌కే-2 కణం ఒంటరిది, ఇది కొంత కుటుంబం వంటిది. మందులు, విషాలు పరీక్షించడానికి ఇంకా మెరుగు.

కిమ్-1 మనకెందుకు ముఖ్యమంటే, మనం ఇప్పుడు చేసే క్రియాటినిన్ పరీక్ష ఆలస్యంగా పలుకుతుంది. కిడ్నీ పని సగానికి తగ్గేదాకా అది పెద్దగా పెరగకపోవచ్చు. కణానికి దెబ్బ తగిలిన రోజుల్లోనే మూత్రంలో తెలిస్తే ఎంత బాగుంటుంది! ఇక్కడే నానో పదార్థాల మేలు కనబడుతుంది. గర్భ పరీక్ష కార్డు మన అమ్మలకు తెలుసు. మూత్రం చుక్క వేస్తే ఎర్ర గీత పడుతుంది. ఆ ఎరుపు రంగు కాదు, బంగారం! బంగారాన్ని నానో రేణువులుగా చేస్తే పసుపు పోయి కెంపు రంగు వస్తుంది. మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త 1857లోనే ఆ ఎర్రని బంగారు ద్రవం గురించి చెప్పాడు. మలేరియా కార్డు, 2020 తర్వాత అందరికీ పరిచయమైన కరోనా కార్డు, చాలావరకు ఇదే పద్ధతి. కిమ్-1ను కూడా ఇలాంటి కార్డు మీద చూపించే ప్రయత్నాలు జరిగాయి. మా ల్యాబులో అది లేదు. ఉన్నదని చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

నీటి విషయంలో కూడా నానో పదార్థాలు పనికొచ్చాయి. మద్రాసు ఐఐటీలో ఆచార్య టి. ప్రదీప్ గారి బృందం వెండి, బంగారు నానో రేణువులు నీటిలోని కొన్ని పురుగుమందులను పట్టి విడగొట్టగలవని 2003లో చూపింది, కొన్నేళ్ళకు అది ఇంటి ఫిల్టరుగా వచ్చింది. తర్వాత వారు చేసిన అమృత్ అనే పద్ధతితో ఆర్సెనిక్ ఉన్న ప్రాంతాలలో నీరు శుభ్రం చేస్తున్నారు. అయితే ఒక ఫిల్టరు ఒక పని చేస్తుంది. వెండి పూసిన కొవ్వొత్తి ఫిల్టరు సూక్ష్మక్రిములను చంపుతుంది, కరిగిన సిలికాను తీయదు. "నానో" అని డబ్బా మీద రాసి ఉంటే అన్నీ పోతాయని అనుకోవద్దు.

నుయ్యి పూడ్చాలా?

మా జవాబు: వద్దు. 2023 డిసెంబరులో హిరమండలం రిజర్వాయరు నుండి ఉద్దానం మండలాలకు వంశధార నీరు తెచ్చే పథకం ప్రారంభమైంది. అదే నెలలో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి కూడా ప్రారంభమయ్యాయి. మీ ఊరికి కుళాయి నీరు వస్తుంటే తాగడానికి, వంటకు అదే వాడుకోండి. తప్పో ఒప్పో తేలేదాకా అనుమానం లేని నీరు తాగడంలో నష్టం లేదు. నుయ్యి స్నానానికి, పశువులకు, మొక్కలకు ఉంచుకోండి.

కాని నీరు మార్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. ఈ మాట చెప్పడానికి మాకొక కారణం ఉన్నది. కొన్నేళ్ళ క్రితం మేమే నీరే కారణమని గట్టిగా చెబుతుండేవాళ్ళము. ఆ మాట విని ఒక కుటుంబం నూతి నీరు మానేసి, అప్పుచేసి డబ్బా నీళ్ళు కొనుక్కున్నది. ఇంటి పెద్దకొడుకు పరీక్షకు రమ్మంటే, "మేము నీరు మార్చేశాం గదండీ, ఇంకెందుకు?" అన్నాడు. ఒళ్ళు నొప్పులకు కిరాణా కొట్టులో మాత్రలు కొని మింగుతూ కొబ్బరి తోటలో పని చేసుకున్నాడు. రెండేళ్ళకు ఆయాసంతో వచ్చాడు. అప్పటికి డయాలసిస్ తప్పని స్థితి. నీరు మార్చడం తప్పు కాదు. నీరు మార్చితే చాలన్న ధైర్యం మా మాట వలన వచ్చింది. అప్పటినుండి మేము ఖాయంగా తెలిసినదీ అనుమానమూ వేరువేరుగా చెబుతున్నాము.

ఖాయంగా తెలిసినవి ఇవి. నొప్పి మాత్రలు, ముఖ్యంగా డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటివి, కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి. ఒంట్లో నీరు తక్కువైన రోజు అవి మరీ ప్రమాదం. మన దగ్గర కూలి పని చేసేవారు ఎండలో పనిచేసి వచ్చి సాయంత్రం సరిగ్గా ఆ మాత్రే వేసుకుంటారు. నొప్పి ఓర్చుకోమని మేము చెప్పము. వచ్చి అడగండి, కిడ్నీకి అంత హాని చేయని మాత్ర ఇస్తాము. పేరు లేని పసరులు, భస్మాలు కూడా మానండి, కొన్నింటిలో సీసం, పాదరసం ఉంటాయి. ఎండ పనికి వెళ్ళేవారు దాహం వేసేదాకా ఆగకుండా తాగండి. చోడి అంబలి, మజ్జిగ, గంజి మంచివే. మధ్య అమెరికాలో చెరకు కూలీలకు నీరు, నీడ, విశ్రాంతి క్రమంగా ఇచ్చిన చోట్ల కిడ్నీ దెబ్బలు తగ్గాయని తేలింది. మేస్త్రీలు, తోటల యజమానులు మన సంఘంలోనూ ఉన్నారు. పన్నెండు నుండి మూడు దాకా పని ఆపితే కూలి తగ్గించకండి. ఈ మాట వారికే రాస్తున్నాము. అయితే డాక్టరు నీరు తగ్గించమని చెప్పిన కిడ్నీ రోగులు మాత్రం తమకు చెప్పిన కొలతే పాటించాలి.

బీపీ ఉంటే మాత్ర ఒక్కరోజు కూడా మానకండి. చుట్ట, బీడీ, ఖైనీ మానడానికి ఇంకొక కారణం కావాలంటే ఇదిగో ఇదే.

ఇక పరీక్ష. పైన గుర్తు పెట్టుకోమన్న విషయం ఇప్పుడు చూడండి. మన ప్రాంతపు జబ్బులో మూత్రంలో మాంసకృత్తు మొదట్లో తక్కువే పోతుంది. కాబట్టి పట్టీ ముంచి చూసే మూత్ర పరీక్ష బాగున్నంత మాత్రాన కిడ్నీ బాగున్నదని అనుకోకూడదు. రక్తంలో క్రియాటినిన్ తప్పక చూడాలి, ఆ అంకెను వయసు, ఆడా మగా అనే దానితో కలిపి కిడ్నీ ఎంత శాతం పని చేస్తున్నదో లెక్కకట్టాలి. సన్నగా ఉన్న ఆడవారికి ల్యాబు కాగితం మీద "నార్మల్" అని వచ్చిన అంకె కూడా ఒక్కొక్కసారి లోపమే అవుతుంది. అందుకే కాగితం ఇంటికి పట్టుకుపోకుండా మాకు చూపించండి. ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన భయపడవద్దు. మూడు నెలల తర్వాత మళ్ళీ చూసి అప్పుడు నిర్ణయిస్తాము. తొలిదశలో తెలిస్తే జబ్బు వేగాన్ని తగ్గించే మందులు ఉన్నాయి. డయాలసిస్ అవసరమైనవారికి టెక్కలి, పలాస, సోంపేట ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ ఏర్పాటు ఉన్నది.

పెళ్ళి కావలసిన పిల్లల తల్లిదండ్రులు పరీక్ష చేయించడానికి వెనుకాడుతున్నారని మాకు తెలుసు. ఫలితం ఎవరికీ చెప్పము, రిజిస్టరు బయట పెట్టము. ఆ తల్లి కూడా అదే అడిగింది, నుయ్యి సంగతి అడిగిన తర్వాత, గొంతు తగ్గించి. అబ్బాయి రక్తం బాగానే ఉన్నది. మళ్ళీ ఏడాదికి రమ్మన్నాము.

పరీక్షకు వచ్చేవారికి సూచన: క్రియాటినిన్‌కు పరగడుపున రానవసరం లేదు, షుగరు కూడా చూపించుకుంటేనే పరగడుపు కావాలి. ముందురోజు రాత్రి మాంసం ఎక్కువగా తినకండి, అంకె కొంచెం పెరుగుతుంది. ఉదయం మొదటి మూత్రం తేవాలి, దానికి మూత ఉన్న చిన్న డబ్బా మా ల్యాబు కిటికీ దగ్గర ముందురోజే అడిగి తీసుకోండి. ఇంట్లోని మందు సీసాలు కడిగి తేవద్దు. వాడుతున్న మాత్రల అట్టలన్నీ, కిరాణా కొట్టులో కొన్నవి కూడా, ఒక సంచిలో వేసి తీసుకురండి.